వేడితో నడిచే అడ్సార్ప్షన్ చిల్లర్: అదే వేడికి ఎక్కువ చల్లదనం రాబట్టడం ఎలా?

కొత్త చెప్పుల డబ్బాలో కనిపించే సిలికా జెల్ ప్యాకెట్ గాలిలోని తేమను పట్టుకుంటుందని అందరికీ తెలుసు. అదే సిలికా జెల్‌ని వందల కిలోల్లో, గాలి మొత్తం తోడేసిన స్టీలు గదిలో పెట్టి, నీళ్లున్న మరో గదికి (దీన్నే ఎవాపరేటర్ అంటారు) కలిపితే ఆ నీళ్ల ఆవిరిని జెల్ లాగేసుకుంటుంది. ఆవిరి పోయేకొద్దీ మిగిలిన నీళ్లు చల్లబడతాయి. జెల్ నిండాక 60 నుంచి 90 డిగ్రీల వేడినీళ్లు పంపితే పట్టిన ఆవిరిని వదులుతుంది, అది కండెన్సర్ అనే చల్లటి గదిలో మళ్లీ నీరవుతుంది. ఒక బెడ్ (జెల్ నింపిన గది) ఆవిరిని పట్టుకుంటుంటే రెండో బెడ్ ఆరుతుంది, కొన్ని నిమిషాలకోసారి వంతు మారుతుంది. కంప్రెసర్ ఉండదు. జనరేటర్ ఇంజిన్ జాకెట్ నీరు, సోలార్ కలెక్టర్, ఫ్యాక్టరీలో మిగిలిపోయే వేడి, ఏదైనా సరే దీనికి ఇంధనమే.

చిక్కు ఎక్కడంటే, ఈ మెషీన్ సీఓపీ మామూలుగా 0.4 నుంచి 0.6 మధ్యే ఉంటుంది. అంటే 100 కిలోవాట్ల వేడి ఇస్తే 40 నుంచి 60 కిలోవాట్ల చల్లదనం. చల్లదనం తగ్గిందనగానే చాలామంది ముందుగా చేసే పని వేడినీళ్ల ఉష్ణోగ్రత పెంచడం, లేదా ఇంకో వరస కలెక్టర్లు బిగించడం. అది ఆఖరున చేయాల్సిన పని అని నా గట్టి అభిప్రాయం. అసలు లాభం కూలింగ్ టవర్ దగ్గర, చిల్డ్ వాటర్ (చిల్లర్ చల్లబరిచి ఇచ్చే నీరు) సెట్టింగ్ దగ్గర, వంతు మారే ఆ కొద్ది సెకన్లలో ఉంది. ఎందుకో లెక్కతో సహా చూపిస్తాను. సిలికా జెల్, నీరు వాడే రెండు బెడ్ల చిల్లర్‌నే ఉదాహరణగా తీసుకుంటున్నాను, ఎక్కువగా కనిపించేది అదే కాబట్టి.

1. ముందు ఆ వేడి నిజంగా వృథాయేనా చూసుకోండి

బాయిలర్‌కి తిరిగి పంపగలిగిన స్టీమ్ కండెన్సేట్‌ని (ఆవిరి చల్లారి మారిన వేడినీటిని) చిల్లర్‌కి వాడి, ఆ తర్వాత చల్లటి నీళ్లతో బాయిలర్ నింపుతుంటే మీరు ఇంధనం ఆదా చేయడం లేదు, ఖర్చు చేస్తున్నారు. ఫార్మా యూనిట్లలో ఇది తరచూ ఎదురయ్యే ప్రశ్న. ముందు కండెన్సేట్ రికవరీ పూర్తిచేయండి, మిగిలినదాన్నే చిల్లర్‌కి లెక్కవేయండి.

ఇంకోటి. మీ వేడి ఏడాది పొడవునా నిలకడగా 90 డిగ్రీల పైనే దొరుకుతుంటే లిథియం బ్రోమైడ్ ద్రావణంతో నడిచే వ్యామ్ (వేపర్ అబ్సార్ప్షన్) మెషీన్‌ని కూడా పోల్చి చూడండి. సింగిల్ ఎఫెక్ట్ వ్యామ్ సీఓపీ 0.7 దాకా ఉంటుంది. అడ్సార్ప్షన్ బలం వేరే చోట ఉంది: వేడి 60, 70 డిగ్రీలకే పరిమితమైనప్పుడు, లేదా సోలార్‌లా పెరుగుతూ తగ్గుతూ ఉన్నప్పుడు ఇది తట్టుకుంటుంది. ద్రావణం గడ్డకట్టే భయం ఇందులో లేదు.

2. కొలవండి, లెక్క కుదిరేదాకా మరేదీ ముట్టుకోకండి

మూడు నీటి సర్క్యూట్లు ఉంటాయి: హాట్ వాటర్ (జెల్‌ని ఆరబెట్టేది), కూలింగ్ వాటర్ (బెడ్‌నీ కండెన్సర్‌నీ చల్లార్చి టవర్‌కి వెళ్లేది), చిల్డ్ వాటర్. ఒక్కోదానికి ఒక ఫ్లో మీటర్, లోపలికి వెళ్లే చోట ఒకటి, బయటికి వచ్చే చోట ఒకటి పీటీ-100 ఉష్ణోగ్రత సెన్సర్ కావాలి. ఈ మెషీన్‌లో బయటికొచ్చే నీళ్ల ఉష్ణోగ్రత ఎప్పుడూ నిలకడగా ఉండదు. వంతు మారగానే ఎగిరి, తర్వాత మెల్లగా సర్దుకుంటుంది. అందుకని ఒక క్షణం రీడింగ్ చూసి సీఓపీ చెప్పకూడదు. 5, 10 సెకన్లకోసారి లాగ్ చేసి, పూర్తి సైకిళ్ల మీద సగటు తీయాలి.

ఒక ఉదాహరణ వేద్దాం. హాట్ వాటర్ సెకనుకు 2 కిలోలు, సగటు తగ్గుదల 5 డిగ్రీలు. 2 × 4.18 × 5, అంటే 41.8 కిలోవాట్లు. చిల్డ్ వాటర్ సెకనుకు 1 కిలో, తగ్గుదల 4.5 డిగ్రీలు, అంటే 18.8 కిలోవాట్లు. సీఓపీ 0.45. ఇప్పుడు సరిచూసుకోవాల్సింది కూలింగ్ వాటర్: సెకనుకు 4 కిలోలు, పెరుగుదల 3.6 డిగ్రీలు, 60.2 కిలోవాట్లు. మొదటి రెండూ కలిపితే 60.6. లోపలికి వెళ్లిన వేడి, బయటికొచ్చిన వేడి సరిపోయాయి కాబట్టి ఈ కొలతల్ని నమ్మొచ్చు. తేడా 5 శాతం దాటితే సెన్సర్లు సరిచేశాకే ముందుకు వెళ్లాలి.

కూలింగ్ వాటర్‌లో తేడా 3.6 డిగ్రీలే కదా, సెన్సర్ 0.3 డిగ్రీలు తప్పు చూపినా 8 శాతం పొరపాటు వచ్చేస్తుంది. అందుకే ఒక్కో జత సెన్సర్లనీ ఒకే పాత్రలో నీళ్లలో ముంచి, రెండూ ఒకే రీడింగ్ ఇస్తున్నాయో లేదో చూసి బిగించండి. ఫ్లో మీటర్ లీటర్లలో చూపిస్తే, 80 డిగ్రీల దగ్గర లీటరు నీళ్ల బరువు 0.972 కిలోలేనని గుర్తుంచుకోండి.

3. వాక్యూమ్ సంగతి తేల్చండి

ఎవాపరేటర్‌లో నీళ్లు 10 డిగ్రీల దగ్గర ఆవిరవుతుంటే లోపలి పీడనం 12.3 మిల్లీబార్లు. బయట మన చుట్టూ ఉన్నది సుమారు 1000. లోపల ఉన్నదే 12 అయినప్పుడు అందులో రెండు మిల్లీబార్ల గాలి చేరినా తక్కువేమీ కాదు. ఆవిరి బెడ్ వైపు వెళ్లేటప్పుడు ఆ గాలిని కూడా నెట్టుకుపోతుంది. జెల్ గింజల చుట్టూ గాలి పొరలా నిలిచి, వెనక వచ్చే ఆవిరికి అడ్డుపడుతుంది.

గాలి ఉందో లేదో తెలుసుకోవడం తేలికే. కండెన్సర్ అడుగున చేరిన నీటి ఉష్ణోగ్రత చూడండి, ఆవిరి పట్టికలో ఆ ఉష్ణోగ్రతకి పీడనం ఎంతో చూడండి, తర్వాత గేజ్ చూడండి. నీరు 32 డిగ్రీలుంటే పీడనం 47.6 మిల్లీబార్లు ఉండాలి. గేజ్ 55 చూపిస్తోందంటే మిగతా 7 మిల్లీబార్ల పైచిలుకు ఆవిరిది కాదు, గాలిది. ఈ పనికి కెపాసిటెన్స్ రకం గేజ్ వాడండి. పిరానీ గేజ్ రీడింగ్ వాయువుని బట్టి మారుతుంది, నీటి ఆవిరిలో దాని అంకె నమ్మదగినది కాదు.

గాలిని తోడేటప్పుడు వాక్యూమ్ పంప్‌ని కండెన్సర్‌లో ఆవిరి ప్రవేశించే చోటుకి దూరంగా ఉన్న చివర కలపండి, గాలి వెళ్లి పోగయ్యేది అక్కడే. పంప్ గ్యాస్ బ్యాలస్ట్ (పంప్‌లోకి కొద్దిగా బయటి గాలిని వదిలే వాల్వు) తెరిచి ఉంచండి, లేకపోతే ఆవిరి పంప్ ఆయిల్‌లో నీరై కలిసిపోతుంది. కొన్ని నిమిషాలు చాలు. ఎక్కువసేపు తోడితే చిల్లర్‌లోని నీళ్లే తగ్గిపోతాయి.

తోడిన వారం రోజులకే మళ్లీ పీడనం పెరిగితే లీకు ఉన్నట్టే, హీలియం లీక్ టెస్ట్ చేయించండి. అన్ని కీళ్లూ బిగుతుగా ఉన్నా మెల్లగా పెరుగుతుంటే లోపల తుప్పు పట్టి హైడ్రోజన్ పుడుతోందేమో అనుమానించాలి. లోపలి నీరు లవణాలు తీసేసిన శుభ్రమైన డీమినరలైజ్డ్ నీరే అయి ఉండాలి.

4. కూలింగ్ వాటర్: ఇక్కడే ఎక్కువ సమయం పెట్టండి

జెల్ ఎంత నీటిని పట్టుకుంటుందో అంచనా వేయడానికి 1990ల్లో సాహా, బోయెల్‌మన్, కషివగి తమ పరిశోధనల్లో వాడిన చిన్న సమీకరణం ఉంది, ఆర్‌డీ రకం సిలికా జెల్‌కి సరిపోతుంది. ఆవిరి వచ్చే చోటి (ఆరబెట్టేటప్పుడైతే ఆవిరి వెళ్లే కండెన్సర్ దగ్గరి) నీటి ఆవిరి పీడనాన్ని, బెడ్ ఉష్ణోగ్రతకి ఉండే నీటి ఆవిరి పీడనంతో భాగించండి. వచ్చినదాన్ని 0.625 ఘాతానికి హెచ్చించి 0.346తో గుణిస్తే కిలో జెల్ ఎన్ని కిలోల నీరు పట్టుకుంటుందో వస్తుంది. ఆవిరి పట్టిక, ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంటే చాలు.

ఎవాపరేటర్ 10 డిగ్రీలు, బెడ్‌ని చల్లార్చేది 30 డిగ్రీలు. 12.3ని 42.5తో భాగిస్తే 0.289. సమీకరణంలో వేస్తే కిలో జెల్‌కి 159 గ్రాములు. ఇప్పుడు ఆరబెట్టే వంతు: బెడ్ 85 డిగ్రీలు, కండెన్సర్ 30 డిగ్రీలు. 42.5ని 578తో భాగిస్తే 0.0735, అంటే 68 గ్రాములు జెల్‌లోనే మిగిలిపోతాయి. ఈ రెంటికీ తేడా 91 గ్రాములు. ఆ తేడాయే మనకి చల్లదనం ఇచ్చేది.

ఇక ఒక్కో ఉష్ణోగ్రతనీ మార్చి చూడండి:

- కూలింగ్ వాటర్ 30 బదులు 35 అయితే 91 గ్రాములు 53కి పడిపోతాయి.
- కూలింగ్ 30లోనే ఉంచి, వేడిని 85 నుంచి 65కి తగ్గిస్తే 45 గ్రాములు.
- కూలింగ్ 30లోనే ఉంచి, వేడిని 95కి పెంచితే 106 గ్రాములు.

కూలింగ్ వైపు 5 డిగ్రీలు పోగొట్టుకోవడం, వేడి వైపు దాదాపు 20 డిగ్రీలు పోగొట్టుకోవడంతో సమానం అన్నమాట. ఈ అంకెలు బెడ్ లోపలి ఉష్ణోగ్రతలకి. బెడ్ లోపలికీ నీళ్లకీ మధ్య ఎప్పుడూ కొన్ని డిగ్రీల తేడా ఉంటుంది, జెల్ పూర్తిగా నిండేదాకా మెషీన్ ఆగదు కూడా. అసలు మెషీన్‌లో గ్రాములు తగ్గుతాయి గానీ మొగ్గు మాత్రం ఇటువైపే.

కూలింగ్ నీరు 45 డిగ్రీలకి చేరిందనుకోండి. పట్టుకోగలిగేది 96 గ్రాములు, 85 డిగ్రీల దగ్గర ఆరబెట్టాక మిగిలేది 113. అంటే మెషీన్ తిరుగుతుంది, వేడి తాగుతుంది, కానీ 10 డిగ్రీల దగ్గర చల్లదనం సున్నా. మే నెలలో హైదరాబాద్‌లో నీళ్లు వాడకుండా గాలితోనే చల్లార్చే డ్రై కూలర్ పెడితే జరిగేది ఇదే. బయటి గాలే 40 దాటి ఉంటే డ్రై కూలర్ నుంచి 45 డిగ్రీల కంటే చల్లటి నీళ్లు ఎలా వస్తాయి? అదే ఊళ్లో, అదే రోజు మంచి కూలింగ్ టవర్ 28 డిగ్రీల దరిదాపు నీళ్లివ్వగలదు, ఎందుకంటే గాలి పొడిగా ఉంటుంది, వెట్ బల్బ్ (తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపే ఉష్ణోగ్రత) 25 దాటడం అరుదు. విశాఖపట్నంలో ఎండ అంత తీవ్రంగా లేకపోయినా ఉక్క ఎక్కువ, వెట్ బల్బ్ 27, 28 దాకా వెళ్తుంది. అక్కడ 31, 32 డిగ్రీలకి లెక్క వేసుకోవాలి. చిల్లర్ సైజు నిర్ణయించేటప్పుడు గాలి ఉష్ణోగ్రతని కాకుండా మీ ఊరి వెట్ బల్బ్‌నే అడగండి.

టవర్ ఉన్నవాళ్లు చేయాల్సినవి ఇవి. ముందు అప్రోచ్ కొలవండి, అంటే టవర్ ఇచ్చే నీటి ఉష్ణోగ్రతకీ వెట్ బల్బ్‌కీ తేడా. 3, 4 డిగ్రీలుంటే బాగున్నట్టు. 6, 7 ఉంటే ఫిల్స్ (టవర్‌లో నీళ్లు జారే పలకలు) పూడిపోయాయా, నాజిళ్లు మూసుకుపోయాయా, ఫ్యాన్ బ్లేడ్ల కోణం సరిగా ఉందా, బయటికొచ్చిన తడిగాలి తిరిగి లోపలికే లాగబడుతోందా చూడాలి. బోరు నీరు వాడేచోట గట్టిదనం ఎక్కువ. సాఫ్ట్‌నర్, బ్లోడౌన్ (లవణాలు పేరుకున్న నీటిని కొంత వదిలేయడం) రెండూ పట్టించుకోకపోతే పొలుసు కండెన్సర్ ట్యూబుల్లో కూడా పేరుకుంటుంది. టవర్ సైజు విషయంలో కూడా జాగ్రత్త: సీఓపీ 0.5 ఉన్న చిల్లర్ ప్రతి కిలోవాట్ చల్లదనానికి 3 కిలోవాట్ల వేడిని బయటికి వదలాలి. మామూలు వాటర్ కూల్డ్ కంప్రెసర్ చిల్లర్‌కి అది 1.2 దగ్గరే ఉంటుంది. పాత చిల్లర్ టవర్‌కే దీన్ని తగిలిస్తే చాలదు.

ఇంకో చిన్న మార్పు, పైపింగ్ తప్ప ఖర్చు లేనిది. కూలింగ్ నీరు బెడ్‌కీ కండెన్సర్‌కీ ఒకదాని తర్వాత ఒకటిగా వెళ్తుంటే ముందు ఎవరికి ఇవ్వాలి? పై లెక్కలోనే జవాబుంది. బెడ్ ఒక్కటీ 30 నుంచి 35 అయితే పోయేది సుమారు 26 గ్రాములు, కండెన్సర్ ఒక్కటీ అలా అయితే 13 గ్రాములు. చల్లటి నీళ్లు ముందు బెడ్‌కే వెళ్లాలి.

5. చిల్డ్ వాటర్‌ని అవసరానికి మించి చల్లబరచకండి

7 డిగ్రీల చిల్డ్ వాటర్ అనేది కంప్రెసర్ చిల్లర్ల కాలం నుంచి వచ్చిన అలవాటు. అడ్సార్ప్షన్ చిల్లర్‌ని ఆ అంకె దగ్గర నడపాలనుకోవడం దాని గొంతు నొక్కడమే. ఎవాపరేటర్ 10 నుంచి 15కి పెంచితే, కూలింగ్ 30 ఉన్నప్పుడు 91 గ్రాములు 128 అవుతాయి. కూలింగ్ 35 ఉన్నప్పుడు 53 గ్రాములు 84 దాకా వస్తాయి. కోస్తా ప్రాంతాలకి ఈ రెండో అంకె ముఖ్యం.

15, 16 డిగ్రీల నీళ్లతో గది చల్లబడాలంటే ఫ్యాన్ కాయిల్ పెద్దది పెట్టాలి, లేదా సీలింగ్‌లో పైపులు పరిచే రేడియంట్ కూలింగ్ వాడాలి. తేమ తీయడం విడిగా చూసుకోవాలి. ఇది వద్దనుకుంటే ఇంకో దారి ఉంది: అడ్సార్ప్షన్ చిల్లర్‌ని ముందు పెట్టి తిరుగు నీటిని 20 నుంచి 15కి అది దించేలా, అక్కడి నుంచి 8 దాకా కంప్రెసర్ చిల్లర్ దించేలా సీరీస్‌లో కలపండి. ఉన్న ప్లాంటులకి నేను ముందుగా చెప్పేది ఈ రెండో దారే.

జర్మనీలో మ్యూనిక్ దగ్గర గార్షింగ్‌లోని లైబ్నిట్జ్ సూపర్‌కంప్యూటింగ్ సెంటర్‌లో కూల్మక్-2 అనే కంప్యూటర్‌ని గోరువెచ్చటి నీళ్లతో కాదు, బాగా వేడి నీళ్లతోనే చల్లబరిచి, అందులోంచి వచ్చే వేడితో అడ్సార్ప్షన్ చిల్లర్లు నడిపారు. సర్వర్ల నుంచి వచ్చే నీరు సుమారు 50 డిగ్రీలే. అంత తక్కువ వేడితో ఎలా సాధ్యమో మన లెక్కతోనే చూడొచ్చు. బెడ్ 50 డిగ్రీల దగ్గర ఆరితే, కూలింగ్ 25, ఎవాపరేటర్ 15 అనుకుంటే తేడా 87 గ్రాములు. 85 డిగ్రీల వేడి, 30 కూలింగ్, 10 చిల్డ్‌తో వచ్చిన 91కి దాదాపు సమానం.

6. వేడినీరు: ఎంత వేడి చాలు?

చల్లదనం పరిమాణం ఒకటి, సీఓపీ ఒకటి. వేడి పెంచితే మొదటిది పెరుగుతుంది. రెండోదాని సంగతి వేరు. కిలో నీటిని జెల్ నుంచి విడిపించడానికి 2800 కిలోజౌళ్లు, ఆ నీరు ఇచ్చే చల్లదనం 2400 కిలోజౌళ్లు అనుకోండి. జెల్, అందులోని తేమ, ట్యూబులూ ఫిన్లూ (ట్యూబులకి అమర్చిన పలుచటి లోహపు రేకులు) కలిపి కిలో జెల్‌కి డిగ్రీకి 2.3 కిలోజౌళ్ల వేడి తాగుతాయనుకోండి. కూలింగ్ 30, ఎవాపరేటర్ 10 దగ్గర లెక్క వేస్తే సీఓపీ ఇలా వస్తుంది: 65 డిగ్రీలకి 0.52, 75కి 0.57, 85కి 0.57, 95కి కూడా 0.57. పెరిగిన ప్రతి గ్రాముకీ సమానంగా లోహాన్ని మరింత వేడిచేయాల్సి వస్తోంది కాబట్టి 75 తర్వాత సీఓపీ కదలడం లేదు.

సోలార్‌తో నడిపేవాళ్లకి ఇది చాలా ముఖ్యం. కలెక్టర్ ఎంత వేడెక్కితే అంత వేడిని గాలికి పోగొట్టుకుంటుంది. చిల్లర్ సీఓపీ పెరగకుండా కలెక్టర్ సామర్థ్యం తగ్గితే మొత్తం మీద నష్టమే. లోడ్ తక్కువున్న రోజుల్లో 70, 75 డిగ్రీలకి దించి నడపండి, మధ్యాహ్నం లోడ్ పెరిగినప్పుడే 85కి వెళ్లండి. స్టోరేజ్ ట్యాంక్‌లో వేడినీరు పైన, చల్లారినది కింద పొరలుగా నిలిచేలా నిలువు ట్యాంకు, నెమ్మదైన ఇన్‌లెట్లు పెట్టండి. చిల్లర్ నుంచి తిరిగొచ్చే నీరు వంతు మారినప్పుడల్లా ఒక్కసారిగా చల్లబడి వస్తుంది, అది ట్యాంకు పైభాగాన్ని కలిపేయకూడదు.

7. వంతు మారే సెకన్లు

నా దృష్టిలో ఎక్కువమంది పట్టించుకోని చోటు ఇది. 80 డిగ్రీల వేడినీళ్లతో నిండిన బెడ్‌కి ఇప్పుడు చల్లటి నీళ్లు పంపాలి. వాల్వులన్నీ ఒకేసారి తిరిగితే ఆ బెడ్ ట్యూబుల్లో, పైపుల్లో ఉన్న వేడినీళ్లన్నీ నేరుగా కూలింగ్ టవర్‌కి వెళ్తాయి. రెండో బెడ్‌లోని చల్లటి నీళ్లు హాట్ వాటర్ ట్యాంక్‌లో పడతాయి.

ఎంత నష్టమో చూడండి. లోపల ఇరుక్కున్న నీరు 30 లీటర్లు, తేడా 50 డిగ్రీలు. 30 × 4.18 × 50, అంటే 6270 కిలోజౌళ్లు. వంతు 10 నిమిషాలైతే, 600 సెకన్లతో భాగిస్తే 10.4 కిలోవాట్లు. రెండో మెట్టులో మనం కొలిచిన చిల్లర్ తాగే వేడి 41.8. అందులో నాలుగో వంతు ఏ పనీ చేయకుండా టవర్ మీదుగా గాలిలో కలుస్తోంది!

ఇది మీ దగ్గర జరుగుతోందో లేదో కూలింగ్ వాటర్ తిరుగు లైన్ లాగ్‌లో తెలిసిపోతుంది. వంతు మారిన కొన్ని సెకన్లకి అక్కడ నిటారుగా ఒక శిఖరం లేస్తుంది. దాన్ని తగ్గించే పని రెండు దశల్లో చేయాలి.

మొదటిది, రిటర్న్ వాల్వులని ఆలస్యంగా తిప్పడం. ఇన్‌లెట్ వాల్వులు ముందు తిరుగుతాయి. చల్లటి నీళ్లు వెనక నుంచి తోస్తుంటే వేడినీళ్లు ఇంకా హాట్ వాటర్ ట్యాంక్‌కే తిరిగి వెళ్తుంటాయి. అవి అయిపోయాకే రిటర్న్ వాల్వు తిరగాలి. ఎంత ఆలస్యం? నీటి పరిమాణాన్ని ఫ్లోతో భాగించండి: 30 లీటర్లు, సెకనుకు 2 లీటర్లు, అంటే 15 సెకన్లు. రెండు సర్క్యూట్ల ఫ్లో వేరుగా ఉంటే రెండు ఆలస్యాలూ వేరుగా ఉంటాయి. తర్వాత రెండేసి సెకన్లు అటూ ఇటూ జరుపుతూ శిఖరం అతి తక్కువైన చోట ఆపండి. పీఎల్‌సీ (చిల్లర్‌ని నడిపే కంట్రోలర్) ప్రోగ్రామ్‌లో టైమర్ మార్చడం తప్ప దీనికి పెట్టుబడి ఏమీ లేదు.

రెండోది హీట్ రికవరీ. వంతు మారే ముందు రెండు బెడ్లనీ ఒకే లూప్‌లో కలిపి, చిన్న పంప్‌తో ఆ నీళ్లనే రెంటి మధ్యా తిప్పాలి. వేడి బెడ్ లోహంలో దాగిన వేడి చల్లటి బెడ్‌కి వెళ్తుంది. రెంటి ఉష్ణోగ్రతలూ దగ్గరికి వచ్చాక ఆపేసి వంతు మార్చాలి, మామూలుగా నిమిషం లోపే. లోహం, జెల్ తాగే వేడిలో సగం ఇలా తిరిగొస్తే మన లెక్కలో 0.57 సీఓపీ 0.69 దాకా వెళ్తుంది. ఆచరణలో అంత రాకపోవచ్చు గానీ, నేను చెప్పే మార్పులన్నిటిలో సీఓపీని నేరుగా పెంచేది ఇదే.

ఆవిరి వైపు చేసే మాస్ రికవరీ కూడా ఇక్కడే చెప్పాలి. ఆరిన బెడ్‌లో పీడనం ఎక్కువ, నిండిన బెడ్‌లో తక్కువ. వంతు మారే ముందు రెండు బెడ్ల ఆవిరి గదుల మధ్య వాల్వు కొద్ది సెకన్లు తెరిస్తే ఆరిన బెడ్ ఇంకా ఆరుతుంది, నిండిన బెడ్ ఇంకా నిండుతుంది. వేడి 65, 70 డిగ్రీలకే పరిమితమైనప్పుడు దీని లాభం బాగా కనిపిస్తుంది. పెద్ద వాక్యూమ్ వాల్వు అదనంగా కావాలి కాబట్టి ఇది కొత్త మెషీన్‌లో అడిగి పెట్టించుకోవాల్సిందే తప్ప పాతదానికి అతికించడం కష్టం.

8. సైకిల్ టైమ్ సర్దడం

వంతు చిన్నదైతే చల్లదనం పెరుగుతుంది, సీఓపీ తగ్గుతుంది. పెద్దదైతే తిరగబడుతుంది. కారణం తేలికే: జెల్ మొదటి నిమిషాల్లో వేగంగా పట్టుకుంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది. కానీ వంతు మారినప్పుడల్లా లోహాన్ని వేడిచేసే ఖర్చు మాత్రం పడుతూనే ఉంటుంది. ఐదేసి నిమిషాలకి వంతు మార్చడమంటే చారెడు బియ్యం వండటానికి పెళ్లి గుండిగ పొయ్యి మీద పెట్టినట్టే.

ఫ్యాక్టరీ సెట్టింగ్ సాధారణంగా నిండు లోడ్‌కి, ఎక్కువ చల్లదనానికి అనుకూలంగా ఉంటుంది. హాట్ వాటర్ లాగ్ చూడండి. వంతు చివర ఇన్‌లెట్, అవుట్‌లెట్ మధ్య తేడా ఇంకా 3 డిగ్రీలుంటే బెడ్ ఇంకా ఆరుతోంది, సమయం పెంచొచ్చు. తేడా 1 డిగ్రీకి వచ్చి చాలాసేపైతే సమయం ఎక్కువైంది. ఒక్కసారికి 60 సెకన్ల చొప్పున మార్చి, మెషీన్ సర్దుకోవడానికి కనీసం ఐదారు పూర్తి సైకిళ్లు వదిలేసి, ఆ తర్వాతే కొలవండి. హీట్ రికవరీ పెట్టాక ఈ పని మళ్లీ చేయాలి, ఎందుకంటే వంతు మారే ఖర్చు తగ్గింది కాబట్టి చిన్న సైకిల్ కూడా ఇప్పుడు గిట్టుబాటవుతుంది.

లోడ్ సగానికి తగ్గినప్పుడు అదే సైకిల్‌తో ఆపుతూ నడుపుతూ ఉండకుండా, సైకిల్‌ని పొడిగించేలా కంట్రోలర్‌లో నియమం రాయించండి.

9. బెడ్ డిజైన్ (కొనేవాళ్లకి, ప్రయోగాలు చేసేవాళ్లకి)

నింపిన సిలికా జెల్ ఉష్ణ వాహకత మీటరుకి డిగ్రీకి 0.2 వాట్ల దరిదాపే, అంటే దాదాపు ఇన్సులేషన్ లాంటిది. అందుకే ఫిన్ల మధ్య జెల్ పొర కొద్ది మిల్లీమీటర్లకి మించకూడదు. అలాగని ఫిన్లు మరీ దట్టంగా పెడితే లోహం బరువు పెరిగి సీఓపీ తగ్గుతుంది. కొనేటప్పుడు కిలో జెల్‌కి ఎంత లోహం ఉందో, ఒక బెడ్‌లో ఎన్ని లీటర్ల నీరు పడుతుందో అడగండి. ఈ రెండు అంకెలూ చెప్పలేని సప్లయర్‌తో బేరం ముందుకు తీసుకెళ్లకండి.

జెల్‌ని ఫిన్లకే పూతలా అంటించిన బెడ్లలో వేడి తొందరగా ప్రయాణిస్తుంది, సైకిల్ చిన్నదవుతుంది, మెషీన్ సైజు తగ్గుతుంది. సాపో-34 వంటి జియోలైట్ రకం పదార్థాలు ఇంకో దారి. సిలికా జెల్‌లా కొంచెం కొంచెంగా కాకుండా ఒక చిన్న పీడన పరిధిలో ఎక్కువ నీటిని ఒక్కసారిగా పట్టుకుంటాయి. మీ ఉష్ణోగ్రతలు ఆ పరిధిలో పడితే అద్భుతం, పడకపోతే సిలికా జెల్ కంటే కనాకష్టం. పేరు చూసి కొనకుండా మీ మూడు ఉష్ణోగ్రతలు ఇచ్చి ఐసోథెర్మ్ గ్రాఫ్ (ఏ పీడనం దగ్గర ఎంత నీరు పట్టుకుంటుందో చూపేది) అడగండి.

10. కరెంటు లెక్క

వేడి ఉచితమే కావచ్చు, పంపులూ టవర్ ఫ్యానూ తాగే కరెంటు ఉచితం కాదు. 18.8 కిలోవాట్ల చల్లదనానికి మూడు పంపులూ ఫ్యానూ కలిపి 3 కిలోవాట్లు తీసుకుంటే యూనిట్ కరెంటుకి 6 యూనిట్ల పైచిలుకు చల్లదనం వచ్చినట్టు. మంచి పెద్ద వాటర్ కూల్డ్ కంప్రెసర్ చిల్లర్ తానొక్కటే 5, 6 ఇస్తుంది. అంటే అన్నీ కలిపి 4 కిలోవాట్లు దాటితే ఇంత శ్రమకీ అర్థం లేకుండా పోతుంది.

అన్నిటికంటే ఎక్కువ తినేది కూలింగ్ వాటర్ పంపు, నీళ్లు ఎక్కువ కాబట్టి. వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే పరికరం) పెట్టి ఫ్లో 20 శాతం తగ్గిస్తే, పైపుల రాపిడి వరకు చూస్తే పవర్ దాదాపు సగానికి వస్తుంది. టవర్ పైకి నీళ్లెత్తే ఎత్తు ఉంటుంది కాబట్టి అసలు ఆదా కొంత తక్కువే. ఫ్లో తగ్గిస్తే బెడ్ వెచ్చబడుతుంది, దాని వల్ల పోయే చల్లదనాన్ని నాలుగో మెట్టు లెక్కతో సరిచూసి, రెండూ కుదిరే చోట ఆగండి. వాల్వులు ఇరుకుగా ఉంటే మార్చండి, స్ట్రెయినర్లు నెలకోసారి శుభ్రం చేయించండి.

లోడ్ 30 శాతం కంటే తగ్గే గంటల్లో చల్లదనం తగ్గినా పంపులు మాత్రం అంతే కరెంటు తాగుతాయి. ఆ సమయానికి చిల్డ్ వాటర్ బఫర్ ట్యాంక్ ఒకటి పెట్టి, అది చల్లబడేదాకా చిల్లర్‌ని నిండు లోడ్‌తో నడిపి, తర్వాత మూడు పంపులూ ఫ్యానూ పూర్తిగా ఆపేసి, చిన్న డిస్ట్రిబ్యూషన్ పంపు ఒక్కదానితో ట్యాంకు నీళ్లు వాడుకోండి.